6బీటీ ఇంజిన్: ఇన్‌లెట్ కవర్ తీస్తుంటే స్ప్రింగ్ వాషర్ నాలుగో బోరులో (సిలిండర్‌లో) పడ్డది, హెడ్డు దించకుండా తీయొచ్చా?

నల్గొండలారీ:

బండి టాటా 2515. ఇంజిన్ కమిన్స్ 6బీటీ 5.9, పన్నెండు వాల్వులు, మెకానికల్ పంపు. ఇన్‌లెట్ కవర్ గ్యాస్కెట్ దగ్గర టర్బో గాలి లీకవుతున్నదని కవర్ ఇప్పించిన. డీజిల్ పైపులు తీసి, బోల్టులు ఊడదీసేటప్పుడు ఒక 8 ఎంఎం బోల్టు కిందున్న స్ప్రింగ్ వాషర్ జారి హెడ్డులో ఉన్న గాలి అరలోకి పోయింది. మాగ్నెట్‌తో దేవినం, దొరకలే. నాలుగో నంబరు ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకొని ఉన్నది. అనుమానం వచ్చి నాలుగో ఇంజెక్టర్ తీసి, ఫోనుకు తగిలించే 5.5 ఎంఎం కెమెరా దించితే పిస్టన్ తల మీదున్న గుంట అంచున పడుకొని కనబడ్డది.

సెల్ఫ్ కొట్టలే, ఫ్లైవీల్ తిప్పలే. బండి లోడు మీద యార్డులో ఉన్నది.

ఒక మేస్త్రి హెడ్డు దించుడే అంటున్నడు. ఇంకొకాయన ఇంజెక్టర్ రంధ్రంల నుంచి మాగ్నెట్ పెట్టి గుంజుత అంటున్నడు. హెడ్డు దించకుంట అయ్యే పనేనా? అయితే ఎట్ల?

డీజిల్‌మేస్త్రి:

తిప్పకపోవడం చాలా మంచి పని చేశారు అన్నా. ఇప్పుడు ఎవరూ తిప్పకుండా చూడండి. బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. చక్రాలకు అడ్డు వేసి గేరు న్యూట్రల్‌లో పెట్టండి. గేరులో ఉంటే లోడు బండి జానెడు జరిగినా క్రాంకు తిరుగుతుంది. క్లీనర్‌కి నోటితో చెప్పి ఊరుకోకుండా స్టీరింగుకి అట్టముక్క రాసి కట్టండి.

తిప్పితే ఏమవుతుందంటే, ఈ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాకు మట్టం దాటి అర మిల్లీమీటరు పైచిలుకు బయటికి వస్తుంది. గ్యాస్కెట్ మందం కలిపినా పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య మిగిలేది మిల్లీమీటరు చుట్టుపక్కలే. మీ వాషర్ రేకు మందమే 2 ఎంఎం. మెలి తిరిగిన చివరలతో కలిపి కొలిస్తే 4 దాకా వస్తుంది. ఇప్పుడు గుంట అంచున ఉందంటున్నారు, అక్కణ్ణించి చదును మీదకి జరిగి పిస్టన్ పైకొస్తే నలిగేది అల్యూమినియం పిస్టన్, వంగేది కనెక్టింగ్ రాడ్డు.

ఇంజెక్టర్ రంధ్రంలోంచి లాగుతానన్న ఆయన్ని ముందు కొలత తీయమనండి. మీ ఇంజిన్‌లో నాజిల్ దిగే రంధ్రం 7 ఎంఎం గానీ 9 ఎంఎం గానీ ఉంటుంది. 8 ఎంఎం బోల్టుకి వేసే స్ప్రింగ్ వాషర్ బయటి కొలత 14 ఎంఎం పైనే. నిలువుగా పెట్టినా, ఏటవాలుగా పెట్టినా ఆ 14 ఎక్కడో ఒకచోట అడ్డం వస్తుంది. మాగ్నెట్‌కి అంటుకుని రంధ్రం మూతి దాకా వచ్చి టక్కున పడిపోతుంది, మళ్ళీ ఎక్కడ పడిందో వెతుక్కోవాలి. అది ఇన్‌లెట్ వాల్వ్ సందులోంచి దిగింది, రావాల్సిందీ ఆ సందులోంచే.

అదృష్టం ఏంటంటే ఆ సందు ఇప్పటికీ తెరిచే ఉంది. ఇన్‌లెట్ తెరిచి ఉందంటే నాలుగో పిస్టన్ గాలి పీల్చుకునే స్ట్రోకులో కిందికి దిగి ఉన్నట్టే. చోటు కూడా ఉంది. అందుకే క్రాంకు ఒక్క డిగ్రీ కూడా కదపనవసరం లేదు.

కర్నూల్‌రోడ్డు:

స్ప్రింగ్ వాషర్‌కి ఇంత హడావుడి ఎందుకు సామీ. ఇంజెక్టర్ బిగించి స్టార్ట్ చేసి రెండు సార్లు రేస్ ఇస్తే సైలెన్సర్‌లోంచి ఎల్లిపోతాది. శానామంది చేసేదే.

బోర్‌గేజ్:

చేసేవాళ్ళు ఉన్నారు. ఆ తర్వాత ఆ ఇంజిన్ ఎక్కడ దిగుతుందో కూడా చూడాలి.

స్ప్రింగ్ వాషర్ మెత్తటి రేకు కాదు, గట్టిపడేలా కాచిన స్ప్రింగ్ స్టీలు. దెబ్బ తగిలితే చదును కాదు, ముక్కలవుతుంది. ఒక ముక్క ఎగ్జాస్ట్ వాల్వ్‌కీ సీటుకీ మధ్య ఇరుక్కుంటే వాల్వ్ మూసుకోదు, తర్వాతి దెబ్బకి వంగుతుంది. బయటపడిన ముక్క నేరుగా సైలెన్సర్‌కి పోదు, దారిలో టర్బో ఉంది. వేగంగా తిరిగే టర్బైన్ రెక్కకి గోరంత ఇనుము తగిలినా రెక్క అంచు పోతుంది, బ్యాలెన్సు పోతుంది, ఆపైన టర్బో బేరింగ్ పోతుంది. రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉండే క్షణంలో నలుసులు ఇన్‌లెట్ వైపు ఎగదన్ని, గాలి అరలోంచి పక్క బోరులోకి వెళ్ళడం కూడా ఉంది. ఒక బోరు సమస్య అలా రెండు మూడు బోర్లకి పాకుతుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం బోరుకి. 6బీటీ బ్లాకులో విడిగా తీసి మార్చే లైనర్లు లేవు. పిస్టన్ నడిచేది బ్లాకులోనే కోసిన 102 ఎంఎం బోరులో. ముక్క పిస్టన్ పక్కకి దిగి గీత పడితే బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయాలి, లేదా స్లీవ్ దింపించాలి. రెంటికీ ఇంజిన్ ఛాసిస్ నుంచి దించాల్సిందే. హెడ్డు దించడానికి వెనకాడి అంతదాకా తెచ్చుకునే పనా ఇది?

నల్గొండలారీ:

స్టార్ట్ చేసే ఆలోచన లేదన్నా. వాల్వ్ సందుల నుంచి తీసే పద్ధతి చెప్పుండ్రి. ఏం సామాన్లు కావాలె?

డీజిల్‌మేస్త్రి:

నాలుగు వస్తువులు చాలు.

కెమెరా మీ దగ్గర ఉంది. దాన్ని ఇంజెక్టర్ రంధ్రంలోంచి దించండి. రంధ్రం 7 ఎంఎం అయితే కెమెరాతో పాటు ఇంకేమీ పట్టదు, కాబట్టి పనిముట్లన్నీ గాలి అర వైపు నుంచి వెళ్ళాలి. దించే ముందు రంధ్రం చుట్టూ మసి, ఇసుక తుడవండి. రంధ్రం అడుగున పాత రాగి వాషర్ ఉండిపోయిందేమో చూడండి. అది లోపలికి పడేంత చిన్నది కాదు గానీ, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దాని పెచ్చు ఊడి పడుతుంది. రాగి మాగ్నెట్‌కి అంటదు, అది మరో తలనొప్పి.

రెండోది మాగ్నెట్. బజారులో దొరికే టెలిస్కోప్ మాగ్నెట్ నిటారు కడ్డీ, పోర్టు (గాలి అర నుంచి వాల్వ్ దాకా ఉండే దారి) వంపు తిరగదు. మెత్తగా వంగే తీగ చివర 5 లేదా 6 ఎంఎం నియోడైమియం మాగ్నెట్ ఉన్నది కావాలి. దొరక్కపోతే మాగ్నెట్ బిళ్ళని సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో ఎపాక్సీతో అతికించి, పైన హీట్‌ష్రింక్ స్లీవ్ తొడిగి ముడుచుకునేలా వేడి చేయండి. అతుకు మీద ఒక్కదాని మీదే నమ్మకం పెట్టుకోవద్దు, బిళ్ళ ఊడి లోపల పడితే తీయాల్సినవి రెండవుతాయి. స్లీవ్ బిళ్ళ పక్కల్ని పూర్తిగా కప్పాలి, ముఖం మాత్రమే బయట ఉండాలి. హెడ్డు, బోరు గోడ, వాల్వ్ స్టెమ్ అన్నీ ఇనుమే. స్లీవ్ లేని మాగ్నెట్ ప్రతి అడుగుకీ గోడకి కరుచుకుంటుంది. పిస్టన్ తల అల్యూమినియం కాబట్టి అక్కడ ఆ బాధ లేదు.

పొడుగాటి ఇనప కడ్డీ బయటి చివర పెద్ద స్పీకర్ మాగ్నెట్ తగిలించే చిట్కా కొందరు చెబుతారు. బెత్తెడు పొడుగుకి పనిచేస్తుంది. ఇక్కడ పోర్టులోంచి పిస్టన్ దాకా చేరే పొడుగుకి చివర లాగుడు మిగలదు.

మూడోది, గ్యాస్ వెల్డింగ్‌కి వాడే 1.6 ఎంఎం రాగిపూత ఫిల్లర్ తీగ. దాని చివర సన్నటి కొక్కెం వంచండి. మీది వాషర్, మధ్యలో 8 ఎంఎం కన్నం ఉంది, కొక్కెం పట్టడానికి అంతకంటే ఏం కావాలి! ఫిల్లర్ తీగ ఎన్నిసార్లు వంచినా సాగుతుంది. పియానో తీగ, పాత బ్రేక్ కేబుల్ పోగు వంటివి వద్దు, పదునుగా వంచిన చోట పుటుక్కున విరుగుతాయి.

నాలుగోది గుడ్డలు. మిగతా ఐదు పోర్టుల్లో శుభ్రమైన గుడ్డ కుక్కి, ప్రతి గుడ్డకీ దారం కట్టి కొస బయట వేలాడదీయండి. ఆగండి, గుడ్డ కుక్కే ముందు ప్రతి పోర్టులోకీ కెమెరా పెట్టి వాల్వ్ వెనక భాగం చూడండి. ఫైరింగ్ ఆర్డర్, అంటే బోర్లు మండే వరస, 1-5-3-6-2-4. నాలుగో ఇన్‌లెట్ నడిమధ్యలో తెరిచి ఉంటే రెండోది మూసుకునే దశలోనో, ఒకటోది తెరుచుకోబోతూనో ఉంటాయి. ఆ రెండు బోర్ల మీద కూడా ఓ చూపు వేయాలి.

పని వరస ఇది: మాగ్నెట్‌ని పోర్టులోంచి, వాల్వ్ తల అంచు పక్కనుంచి దించి వాషర్‌ని పట్టండి. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నా సందు సెంటీమీటరు లోపే. వాషర్ ముఖం సందుకి ఎదురుగా వస్తే ఇరుక్కుంటుంది, అంచు ముందుకి తిరిగితేనే దూరుతుంది. మాగ్నెట్‌తో సందు దాకా తెచ్చి, అక్కడ కొక్కెం వాషర్ కన్నంలో వేసి, మాగ్నెట్ వదిలించి కొక్కెంతో లాగండి. కొక్కెంతో లాగితే వాషర్ అంచు ముందుకి తిరగడం తేలిక. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కెమెరా, ఒకరు తీగ.

కంప్రెసర్ గాలి మాత్రం కొట్టవద్దు. వాషర్‌ని బయటికి నెట్టలేదు గానీ మసిని రింగుల పైకి, సీట్ల మీదకి తోస్తుంది.

బోర్‌గేజ్:

కొక్కెం పద్ధతి బాగుంది. కుదరకపోతే కొందరు ఇన్‌లెట్ వాల్వ్ స్ప్రింగ్ తీసేసి వాల్వ్‌ని ఇంకా కిందికి దించుతారు, సందు రెట్టింపు అవుతుంది. పిస్టన్ కిందికి ఉంది కాబట్టి చోటు ఉంటుంది. స్టెమ్ పైన చిన్న హోస్ క్లిప్ బిగించి వదిలితే వాల్వ్ లోపల పడదు.

డీజిల్‌మేస్త్రి:

వేరే ఇంజిన్‌లో సరే. 6బీటీలో వాల్వులని నొక్కే రాకర్ల స్టాండ్‌ని పట్టేది ఒక 8 ఎంఎం బోల్టూ, ఒక 12 ఎంఎం పొడుగు హెడ్ బోల్టూ. రాకర్ తీయాలంటే హెడ్ బోల్టు ఊడదీయాలి. పాత గ్యాస్కెట్ మీద ఒక బోల్టు వదులు చేసి మళ్ళీ బిగిస్తే చాలాసార్లు నిలుస్తుంది, కొన్నిసార్లు ఆ బోరు దగ్గర నీళ్ళు చెమర్చడం మొదలవుతుంది. పైగా స్ప్రింగుని వాల్వ్‌కి పట్టి ఉంచే కాటర్లు చిన్న ముక్కలు, తీసేటప్పుడు ఎగిరి పుష్ రాడ్ కన్నంలోంచి ఆయిల్ సంపులోకి పోతాయి. ఆ దారి పట్టేకంటే హెడ్డు దించి కొత్త గ్యాస్కెట్ వేయడమే శుభ్రం అని నా లెక్క.

బోర్‌గేజ్:

ఆ బోల్టు సంగతి నిజమే. మా దగ్గర ఎక్కువగా లేలాండ్ ఇంజిన్లు, ఆ లెక్కలో చెప్పాను. 6బీటీకి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

నల్గొండలారీ:

కొక్కెంతోని వచ్చింది! మాగ్నెట్‌కి అంటి సందు దాక వచ్చి రెండు మూడు సార్లు పడ్డది, మీరన్నట్టు కన్నంల కొక్కెం వేసినంక ఒక్క గుంజుడుకు వచ్చేసింది. వాషర్ పూర్తిగా ఉన్నది, విరగలే. ఇంక ఇంజెక్టర్ బిగించి స్టార్ట్ చెయ్యొచ్చా?

డీజిల్‌మేస్త్రి:

వద్దు. ఊడదీసిన బోల్టులన్నీ వరసగా పేర్చి ఒక్కో బోల్టు పక్కన దాని వాషర్ పెట్టండి. స్ప్రింగ్ వాషర్ ఉన్నచోట కింద మామూలు చదును వాషర్ కూడా ఉంటుంది చాలాసార్లు. స్ప్రింగ్ వాషర్ జారిందంటే దాని జోడీ ఎక్కడుంది?

నల్గొండలారీ:

అన్నా, లెక్క పెట్టినం. ఒక చదును వాషర్ తక్కువున్నది. మళ్ళ కెమెరా పెడితే ఐదో నంబరు పోర్టుల, మూసి ఉన్న ఇన్‌లెట్ వాల్వ్ వెనుక కూసున్నది. గుడ్డ కుక్కేటప్పుడు సరిగ చూడలే. మాగ్నెట్‌తోనే వచ్చింది.

డీజిల్‌మేస్త్రి:

అదే నేను భయపడింది. నాలుగో ఇన్‌లెట్ మధ్యలో ఉన్నప్పుడు ఐదోది మూసుకునే ఉంటుంది. క్రాంకు ఒక చుట్టు కూడా తిరక్కముందే అది తెరుచుకుని వాషర్ ఐదో బోరులోకి దిగేది. స్టార్ట్ చేయగానే టకటక, ఎక్కణ్ణుంచో తెలిసేది కాదు.

ఇప్పుడు మిగతా పని. గుడ్డలన్నీ దారాలు లెక్కపెట్టి తీయండి. ఆరు పోర్టులు, నాలుగో బోరు మళ్ళీ ఒకసారి కెమెరాతో చూడండి. బోరు గోడ మీద నిలువు గీతలు ఉన్నాయా, పిస్టన్ తల మీద మెరిసే కొత్త నొక్కు ఉందా. మీరు తిప్పలేదు కాబట్టి ఉండకూడదు.

ఇంజెక్టర్ ఇంకా బయట ఉండగానే ఫ్లైవీల్ హౌసింగ్ దగ్గర బారింగ్ టూల్ (ఫ్లైవీల్ పళ్ళకి పట్టి తిప్పే పనిముట్టు) పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. నాలుగు స్ట్రోకులూ అయ్యేది రెండు చుట్లకి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టకుండా వెనక్కి తిప్పి కెమెరా పెట్టండి. మిగతా ఐదు ఇంజెక్టర్లు బిగించే ఉన్నాయి కాబట్టి కంప్రెషన్ బరువు తెలుస్తుంది. అది మెత్తగా పెరిగి తగ్గుతుంది. ఇనుము తగిలితే చేతికి ఠక్కుమని తెలుస్తుంది, రెంటికీ తేడా పొరపడేది కాదు.

ఇంజెక్టర్ కింద కొత్త రాగి వాషర్ ఒక్కటే వేయండి, పాతది అడుగున ఉండగా రెండోది వేస్తే నాజిల్ ఎత్తుగా కూర్చుని పొగ వస్తుంది. ఇంజెక్టర్ నట్టు 60 న్యూటన్ మీటర్లు. ఇన్‌లెట్ కవర్ బోల్టులు 24 న్యూటన్ మీటర్లు. కవర్ గ్యాస్కెట్ ఎలాగూ కొత్తదే కదా. పాత గ్యాస్కెట్ గీకేటప్పుడు పోర్టులు మళ్ళీ మూసుకోండి, గీకిన పెంకులు లోపలికే పడతాయి.

డీజిల్ పైపుల నట్లు ఇంజెక్టర్ దగ్గర వదులుగా ఉంచి సెల్ఫ్ కొట్టి, డీజిల్ బుడగల్లేకుండా వచ్చాక బిగించండి. పైపుల క్లాంపులు మరచిపోవద్దు. క్లాంపు లేని పైపు అదిరి అదిరి కొన్నాళ్ళకి పగులుతుంది.

సూర్యాపేటరోడ్‌లైన్స్:

ఇదే చర్చల అడుగుతున్న. ఒకవేళ తిప్పినంక తెలిస్తే, హెడ్డు దించినప్పుడు ఏమేం చూడాలె?

బోర్‌గేజ్:

మొదట పిస్టన్ ఎత్తు. హెడ్డు తీశాక డయల్ గేజ్ బ్లాకు మీద పెట్టి ప్రతి పిస్టన్‌నీ పై చివరికి తెచ్చి ఎంత బయటికి వస్తుందో రాయండి. దెబ్బతిన్న బోరులో మిగతా ఐదింటి కంటే తక్కువ వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగినట్టే. కంటికి కనిపించని వంపు కూడా ఇక్కడ దొరుకుతుంది. నొక్కు పడ్డ పిస్టన్ మీద లేచిన అంచుల్ని అరగదీసి వాడుకోవచ్చు అనేవాళ్ళున్నారు. నొక్కు పై రింగు దగ్గర ఉంటే మాత్రం ఆ మాట వినవద్దు, గాడి నలిగి రింగు బిగుసుకుంటుంది.

వాల్వులకి హెడ్డు తిరగేసి సీట్ల మీద కిరోసిన్ పోసి చూడండి, పోర్టులోకి చెమ్మ దిగితే వాల్వో సీటో పోయింది. ఆ బోరు ఇంజెక్టర్‌ని పాప్ టెస్ట్ (డీజిల్ చిమ్మే తీరు చూసే పరీక్ష) చేయించాలి, నాజిల్ మొన హెడ్డు కింద కాస్త బయటికి ఉంటుంది కాబట్టి మొదటి దెబ్బ దానికే.

బిగించేటప్పుడు హెడ్ బోల్టు కన్నాల్లో నీళ్ళు, ఆయిల్ లేకుండా పీల్చేయండి. కన్నంలో ద్రవం ఉండగా బోల్టు బిగిస్తే పోవడానికి దారి లేక బ్లాకునే పగలగొడుతుంది. హెడ్డు బరువు యాభై కిలోల పైనే, చైన్ బ్లాకుతో దించండి. ఇద్దరు పట్టుకుని వాలుగా పెడితే గ్యాస్కెట్ ముడత పడుతుంది. 26 బోల్టులు, మధ్య నుంచి చివరలకి. అన్నీ 90 న్యూటన్ మీటర్లు, రాకర్ల దగ్గరి పొడుగు బోల్టులు 120, ఆ తర్వాత అన్నిటినీ ఇంకో పావు చుట్టు. తర్వాత చల్లని ఇంజిన్ మీద ట్యాపెట్ సందు ఇన్‌లెట్ 0.25 ఎంఎం, ఎగ్జాస్ట్ 0.50 ఎంఎం.

సూర్యాపేటరోడ్‌లైన్స్:

పడ్డది మాగ్నెట్‌కి అంటని లోహమైతే?

డీజిల్‌మేస్త్రి:

రాగి, ఇత్తడి, అల్యూమినియం, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ అంటవు. చిన్న పెచ్చు అయితే, వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి 5 ఎంఎం పారదర్శక పైపు టేపుతో బిగించి పీల్చండి. పైపు మూతికి ముక్క అతుక్కుని ఆగితే పీలుపు ఆపకుండానే పైపుతో సహా బయటికి తీయాలి. కాస్త పెద్దదైతే కడ్డీ చివర చిక్కటి గ్రీజు ముద్ద పెట్టి అంటించి ఎత్తుతారు. గ్రీజు నిండా పూయకండి, మిరియపు గింజంత చాలు. మిగిలిన గ్రీజు పిస్టన్ మీద ఉండిపోతే, స్టార్ట్ చేసినప్పుడు కాసేపు పొగ వచ్చి పోతుంది, దానికి భయపడనక్కర్లేదు.